ద్వీపాంతర శిక్షితుల నౌకలు

నేరస్థులను సముద్రములకావలికి పంపివేయు దండనమును మనవారు ద్వీపాంతరవాసమనిరి. ఇంగ్లండు శిక్షితులు పదునెనిమిదవ శతాబ్దమున అమెరికా వలసలకు పంపబడుచుండగా, అచ్చటి స్వాతంత్ర్య యుద్ధముతో ఆ మార్గము మూతపడెను.

1787 మే 13న ఆర్థర్ ఫిలిప్ నాయకత్వమున 11 ఓడలు పోర్ట్స్‌మత్ రేవును వీడి, మరుసటి సంవత్సరము జనవరిలో ఆస్ట్రేలియాను చేరినవి. 1790లో చేరిన రెండవ నౌకాదళము బానిసల వర్తకమునందు ఆరితేరిన గుత్తదారులది. ఓడ యెక్కిన తలకు ఇంతయని రుసుము ముట్టుటయే గాని, దిగిన తలల లెక్క అడుగువారు లేనందున, శిక్షితులలో రమారమి నాల్గవ వంతు దారిలోనే మరణించిరి. తానును ఒకప్పుడు శిక్షితుడై సిడ్నీ చేరిన వైద్యుడు విలియం రెడ్‌ఫెర్న్ 1814లో వ్రాసిన ప్రశస్తమైన నివేదిక ఫలితముగా, అటుపిమ్మట ప్రతి ఓడకును పర్యవేక్షక వైద్యుడు నియమింపబడి, రోగమరణములు మిక్కిలి తగ్గెను.

రోగభయము తగ్గినను, ఖైదీ తప్పించుకొనునను అధికారుల భయము తగ్గలేదు. 108 మంది స్త్రీ శిక్షితులతోను 12 మంది శిశువులతోను బయలుదేరిన ఆంఫిట్రైట్ అను ఓడ, 1833 ఆగస్టు 31న తుపానుచే త్రోయబడి ఫ్రాన్సులోని బూలోన్ రేవు చెంత ఇసుకమేటపై కూలబడెను. అది ఆటు సమయము. తీరము కనుచూపు మేరలోనే యుండెను. సహాయమునకు పడవ వచ్చెను. పియేర్ ఎనాఁ అను సాహసి కెరటముల కెదురీది ఓడను సమీపించెను. అయినను ఖైదీలను విదేశ భూమిపై దింపుటకు తమకు అధికారము లేదని తలచిన పెద్దలు వారిని దింపనీయలేదు. పోటు వచ్చి ఓడ ముక్కలైనది. మృతులు 133, బ్రతికినవారు మువ్వురు, మువ్వురును నావికులే.

1835 ఏప్రిల్ 12 రాత్రి టాస్మేనియా దక్షిణమున జార్జ్ ది థర్డ్ అను ఓడ రాతిని తాకినప్పుడు, లోపలి ఖైదీలు పైకి రాకుండ సైనికులు ద్వారములను కాచిరి. తుపాకులు పేల్చిరనియు చెప్పుదురు. 130కి పైబడిన మృతులలో అత్యధికులు శిక్షితులే. నెల తిరిగిన మరునాడే, మే 13న, ఐర్లండులోని కార్క్ రేవునుండి స్త్రీలను గొనివచ్చుచుండిన నీవా అను ఓడ కింగ్ దీవియొద్ద భగ్నమై 224 మందిని బలిగొనెను. తుదకు మిగిలినవారు 15 మంది.

1842 ఆగస్టు 28న కేప్‌టౌన్ సమీపమున టేబుల్ అఖాతమందు వాటర్లూ అను ఓడ కొద్దిసేపటిలోనే విచ్ఛిన్నమై, సుమారు 190 మంది మునిగిపోయిరి. అదే దినమున అదే అఖాతమున ఒడ్డెక్కిన అబర్‌క్రాంబీ రాబిన్సన్ అను సైనిక నౌకలోని వారందరును సురక్షితముగా బయటపడిరి.

1868 జనవరిలో హౌగోమోంట్ అను ఓడ సుమారు 280 మందిని ఫ్రీమాంటిల్‌లో దింపుటతో ఆస్ట్రేలియా రవాణా ముగిసెను. భారతదేశమున మాత్రము, సెమిరామిస్ అను ఓడ 1858 మార్చి 10న 200 మంది శిక్షితులతో అండమాను చేరినది మొదలు, ఈ ప్రయాణములు ఇరువదవ శతాబ్దములోనికి సాగినవి. మదరాసు రేవునుండి ఖైదీలను పోర్ట్‌బ్లెయరుకు చేర్చిన ఓడ పేరు మహారాజా.