జాబు వచ్చిందా?

తెనాలిలో ఈ ప్రశ్నకు రెండు అర్థాలున్నాయి. డెబ్భై దాటిన తాతయ్య అడిగితే ఉత్తరం వచ్చిందా అని. ఇంజినీరింగు పూర్తిచేసిన కుర్రాణ్ణి పక్కింటివాళ్ళు అడిగితే ఉద్యోగం వచ్చిందా అని. మొదటి జాబు అరబ్బీ ‘జవాబ్’. పారశీకం, ఉర్దూల మీదుగా మన దాకా వచ్చి, నోళ్ళలో నలిగి పొట్టిదైంది. రెండోది ఇంగ్లీషు మాటకు మన అలవాటు చొప్పున ఉకారం తగిలిస్తే ఏర్పడింది. రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. కానీ నిరుద్యోగి బతుకులో రెండూ ముడిపడ్డాయి: రెండో జాబు కోసం వెళ్ళినవాడికి మొదటి జాబు రావడం లేదు.

జవాబంటే బదులు కదా, ఉత్తరం ఎట్లా అయింది? ఈ పని తెలుగు రెండుసార్లు చేసింది. సంస్కృతంలో ‘ఉత్తరం’ అంటే కూడా బదులే. రాసి పంపే కాగితానికి అక్కడ లేఖ, పత్రం అనే మాటలున్నాయి. మనవాళ్ళు మాత్రం బదులనే మాటనే ఆ కాగితానికి పెట్టారు. తర్వాత నవాబుల కచేరీల నుంచి ‘జవాబు’ వస్తే దాన్నీ అదే దారి పట్టించారు. అందుకే తిరుగు రాతకు ‘ప్రత్యుత్తరం’ అనే ఇంకో మాట కావలసివచ్చింది. ఉత్తరం ముట్టిన తర్వాత పలకకపోవడం మర్యాద కాదని తెలిసిన జనం చేసిన పదాలివి. కొలువు ఖాయమైందని చెప్పే ‘ఉత్తర్వు’ కూడా ఉత్తరం ఇంటిదే.

అరబ్బీలో ఆ జవాబు ధాతువుకు కోయడం, తొలుచుకుని పోవడం అనే అర్థాలున్నాయి. మనం తెగేసి చెప్పడం అంటామే, దాదాపు ఆ చాయే. మరాఠీలో ‘జాబ్ విచారణే’ అంటే సంజాయిషీ అడగడం. ఉర్దూలో ‘జవాబ్ దేనా’కు బదులు చెప్పడంతో పాటు కాదనడం, కొలువులోంచి తీసెయ్యడం అనే అర్థాలూ ఉన్నాయి. అంటే ‘లేదు’ అనడం జవాబుకు వ్యతిరేకం కాదు, అదీ ఒక జవాబే. జవాబు కానిది మౌనం ఒక్కటే.

ఉద్యోగం అనే మాట సంగతి కూడా చూడాలి. సంస్కృతంలో దానికి ప్రయత్నం, పూనిక అని అర్థం. భారతంలో ఉద్యోగపర్వం అంటే యుద్ధానికి పూనుకునే పర్వం. నెలజీతపు కొలువు అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. ఆ పర్వం నిండా రాయబారాలే, అవన్నీ విఫలమయ్యాయి. అయినా దుర్యోధనుడు సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనని తేల్చి చెప్పాడు. తర్వాతి బాటేదో పాండవులకు తెలిసింది.

మన కుర్రాళ్ళకు ఆ మాత్రం కూడా తెలియడం లేదు. ఇంటర్వ్యూకని రాత్రి రేపల్లెలో డెల్టా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. బాపట్ల వాళ్ళకు మెయిన్ లైను ఉంది, చెన్నై అయినా వెళ్ళొచ్చు. ముందు ఆన్‌లైన్ పరీక్ష, ఆపైన ఒకటో టెక్నికల్ రౌండు, రెండో టెక్నికల్ రౌండు, మేనేజరు రౌండు, చివర హెచ్చార్ రౌండు. జీతం ఎంత ఆశిస్తున్నావు, ఎప్పుడు చేరగలవు అని కూడా అడుగుతారు. అంత దూరం వచ్చాక ఇంట్లో స్వీట్లు కొనడం ఒక్కటే తక్కువ. తర్వాత ఫోను మోగదు. తనే చేస్తే, ‘మీ ప్రొఫైల్ హోల్డ్‌లో ఉంది’ అంటారు. ఇంకోసారి చేస్తే ఎత్తరు. ‘గోస్ట్ చేశారు’ అంటున్నారు కుర్రాళ్ళు. మన పాతమాట ‘నాన్చడం’. ఎంతకాలం నానాలో నానబెట్టినవాళ్ళకు కూడా తెలియదు.

దీని వెనక లెక్కలున్నాయి. ఎంపికైన మనిషి పాత కంపెనీలో రెండు మూడు నెలల నోటీసు పూర్తిచేసి రావాలి. ఈలోగా మనసు మార్చుకోవచ్చు. అందుకని రెండో మనిషిని కాదనకుండా అట్టే పెట్టుకుంటారు. కొన్నిచోట్ల ఆ ఖాళీయే రద్దవుతుంది. ఆ మాట బయటికి చెప్పరు. కారణం రాసిస్తే కోర్టుకెక్కుతారేమోనన్న భయం ఒకటి. మధ్యలో కన్సల్టెన్సీ ఉంటే, ఎవరు చెప్పాలన్నది ఎవరికీ పట్టదు. ఇవన్నీ కంపెనీకి సౌకర్యాలు. వాటి ఖరీదు మాత్రం అభ్యర్థి చెల్లిస్తున్నాడు: వేరే అవకాశం వదులుకుని, తనలో ఏం లోపమో తెలియక తనను తానే తవ్వుకుని.

ఈ మౌనం మనకు కొత్త కాదు. పెళ్ళిచూపుల్లో కాఫీలు, జంతికలు అయ్యాక ‘ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం’ అని లేచేవాళ్ళు. ఆ ఉత్తరం రాదని పెద్దవాళ్ళకు తెలుసు. ఎదురుచూసింది మాత్రం లోపలి గదిలో కూర్చున్న పిల్ల. అంత మర్యాదైన మాటలో అంత అమర్యాద దాక్కోగలదు.

ప్రభుత్వ కొలువుల్లో ఆలస్యం ఇంకో తీరుది. 1998 డీఎస్సీలో టీచరు పోస్టులకు రాత పరీక్ష పెట్టి, ఇంటర్వ్యూలు చేశారు. కటాఫ్ మార్కుల మీద వివాదం రేగి కోర్టుల చుట్టూ తిరిగింది. అర్హత సాధించామన్నవాళ్ళు ఏళ్ళ తరబడి ప్రతి ప్రభుత్వానికీ అర్జీలు పెట్టుకున్నారు. చివరికి 2022లో, మినిమం టైం స్కేలు మీద కాంట్రాక్టు పద్ధతిలో తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. పరీక్ష రాసేనాటికి తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ గుంటూరు జిల్లా ఊళ్ళే. 2022 ఏప్రిల్ 4న బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలోకి వెళ్ళాయి. ఒక జిల్లాలో పరీక్ష రాసినవాళ్ళు జాబు వచ్చేసరికి వేరే జిల్లా మనుషులయ్యారు. కొందరు రిటైరయ్యే వయసుకు దగ్గరపడ్డారు.

అయినా సర్కారును అడగడానికి ఒక దారి ఉంది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. మామూలుగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. అభ్యర్థి తన జవాబు పత్రాన్ని తాను చూసుకోవచ్చని 2011లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రైవేటు కంపెనీ ఈ చట్టం కిందికి రాదు. కెనడాలోని ఒంటారియోలో ఆ లోటు కొంత పూడ్చారు. పాతికమందికి తగ్గకుండా ఉద్యోగులున్న సంస్థ, బహిరంగంగా ప్రకటించిన ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేస్తే, చివరి ఇంటర్వ్యూ అయిన 45 రోజుల్లోగా నిర్ణయం జరిగిందో లేదో అభ్యర్థికి చెప్పాలి. 2026 జనవరి 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. కారణాలు చెప్పమని ఆ నిబంధన అడగలేదు, తేలిందో లేదో చెప్పమంది, అంతే. మనకూ ఆపాటి చట్టం చాలు.

జవాబు నుంచే ‘జవాబుదారీ’ పుట్టింది. ఈ మాటను మనం మంత్రులకూ అధికారులకూ కట్టబెట్టి ఊరుకున్నాం. ఒక మనిషిని పిలిచి, నాలుగైదు సార్లు కూర్చోబెట్టి ప్రశ్నలడిగిన ప్రతివాళ్ళకూ అది వర్తిస్తుంది. అడిగిన ప్రశ్నలన్నిటికీ అభ్యర్థి జవాబు చెప్పాడు. అతను అడిగేది ఒక్కటే ప్రశ్న. హైదరాబాదులో, బెంగుళూరులో నియామకాలు చూసే తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళకు ఒక మనవి. ఉద్యోగం ఇవ్వడం మీ చేతుల్లో లేకపోవచ్చు. ‘తీసుకోలేకపోతున్నాం’ అని ఒక్క వాక్యం రాయడం మీ చేతుల్లోనే ఉంది. జాబు ఇవ్వలేకపోతే జాబు రాయండి.