మాక్స్ వెబరు దీర్ఘమైన సెలవు

కాలు విరిగి ఆరు వారములు ఇంట నుండినవాడు మరల కచేరీకి పోయిన దినమున అందరును చుట్టు మూగి కుశలము అడుగుదురు. అతడును కట్టు విప్పిన కాలు చూపి, వైద్యుడు చెప్పినది చెప్పును. మనస్సు కలతపడి, నిద్ర దూరమై, ఆరు మాసములు సెలవుపై నుండినవాడు తిరిగి వచ్చినప్పుడు మాత్రము అడుగువారికిని మాట తోచదు, చెప్పువానికిని తోచదు. చూపుటకు కట్టు లేదు. నయమైనదని చెప్పుటకు గురుతు లేదు. ఈ సంకటము నేటిది కాదు. సామాజికశాస్త్రమునకు పునాదులు వేసిన మహామేధావులలో ఒకడైన మాక్స్ వెబరు ఇందులో చిక్కుకొని ఐదేండ్లకు పైగా పెనుగులాడినాడు. వెబరు గ్రంథములను ఎరిగినవారు పెక్కుమంది. ఆ గ్రంథములకు ముందు గడచిన మౌనమును ఎరిగినవారు తక్కువ.

ఆ కాలపు వైద్యుల తలంపు ఎట్టిదో మొదట తెలియవలెను. 1869లో న్యూయార్కు వైద్యుడు జార్జి బియర్డు ‘న్యూరస్థీనియా’ అను పేరును ప్రచారములోనికి తెచ్చినాడు. మన పత్రికల మందుల ప్రకటనలలో చిరకాలము వినిపించిన ‘నరాల బలహీనత’ దీనికి దగ్గర చుట్టమే. నరములలో ఒక శక్తి నిలువ ఉండుననియు, ఆవిరియంత్రము, తంతివార్త, వార్తాపత్రిక మున్నగు నవనాగరికతా సాధనములు దానిని హరించుచున్నవనియు బియర్డు వాదించినాడు. శక్తి ఖర్చైనదే రోగమైనచో, దానిని మరల కూడబెట్టుటే చికిత్స కావలెను. కావున విశ్రాంతియే పరమౌషధమైనది.

ఫిలడెల్ఫియా వైద్యుడు వియర్ మిచెల్ ఈ విశ్రాంతిచికిత్సను ఒక పద్ధతిగా ఏర్పరచినాడు. రోగిని వారముల తరబడి మంచముపై ఉంచి, పాలు మున్నగు పుష్టికరమైన ఆహారమిచ్చి, ఒళ్ళు పట్టించి, చదువును వ్రాతను మాన్పించుట ఆ పద్ధతి. 1887లో అమెరికా రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ ఆయనయొద్దకు పోయినది. ఇంటిపట్టున ఉండి, ఇక కలము ముట్టవలదని ఆయన ఆమెను పంపివేసినాడు. కొన్ని మాసములు ఆ ఆజ్ఞను పాటించి, మతి తప్పు స్థితికి చేరువైన పిమ్మట, ఆమె దానిని త్రోసిపుచ్చి మరల పని చేపట్టి తేరుకొన్నది. 1892లో తన అనుభవమును ఆధారముగా చేసికొని ఒక కథ ప్రకటించినది. విశ్రాంతి ఎంత అవసరమో, విశ్రాంతియే సర్వస్వమనుకొనుట అంత ప్రమాదమని ఆ కథ లోకమునకు తెలిపినది.

ఇక వెబరు సంగతి. ఆయన 1864లో జర్మనీదేశమున ఎర్ఫుర్టు పట్టణములో జన్మించినాడు. తండ్రి న్యాయవేత్త, రాజకీయనాయకుడు. తల్లి గాఢమైన దైవభక్తి గల ఇల్లాలు. ముప్పదియవ యేట, అనగా 1894లో, ఫ్రైబర్గు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రాచార్యుడైనాడు. 1896లో ప్రఖ్యాతమైన హైడెల్బర్గు విశ్వవిద్యాలయము ఆయనను పిలిచినది. ఎడతెగని పని ఆయనకు అలవాటు. 1897 వేసవిలో తల్లిదండ్రులు ఇంటికి వచ్చినప్పుడు, తల్లిపై తండ్రి చెలాయించు పెత్తనమును గూర్చి తండ్రీకొడుకులకు తీవ్రమైన వాగ్వాదము జరిగినది. రాజీ కుదరకమునుపే, ఆగస్టు మాసములో, తండ్రి మరణించినాడు.

కొలది మాసములలో వెబరు ఆరోగ్యము కూలినది. నిద్ర రాదు. ఉపన్యాసమునకు నిలిచినచో చెప్పరాని శ్రమ. చదువుట, వ్రాయుట, తుదకు మాటలాడుటయు దుర్భరమైనది. 1898 వేసవిలో కాన్‌స్టాన్సు సరస్సు తీరమున ఒక ఆరోగ్యాశ్రమమున చికిత్స పొంది తిరిగి వచ్చి బోధన మొదలుపెట్టినాడు. క్రిస్మసు నాటికి మరల పడిపోయినాడు. 1899 వేసవిలో బోధననుండి మినహాయింపు దొరికినది. ఆ శరత్కాలమున మరల తరగతికి పోయినాడు, మరల పడిపోయినాడు. రెండు పర్యాయములును ఆయన తిరిగిపోయినది అదే పీఠమునకు, అదే బోధనభారమునకు, అదే నియమితమైన గంటకు. మనిషి మారి వచ్చినాడు గాని, పని మారలేదు.

అప్పుడు వెబరు రాజీనామా సమర్పించినాడు. బాడెన్ ప్రభుత్వము దానిని అంగీకరింపక, జీతముతో దీర్ఘమైన సెలవు మంజూరు చేసినది. ఇది ఔదార్యమే. కాని ఆ ఔదార్యమే ఆయనకు బరువైనది. పని చేయక జీతము తీసికొనుచున్నానను తలంపు ఆయనను కలచివేసినది. పనిచేయువాడే మనిషి అను విశ్వాసములో పెరిగినవానికి పనిలేని దినము విశ్రాంతి కాదు. అది తనపై తాను నడుపుకొను విచారణ. దీర్ఘకాలము సెలవుపై నుండినవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. రోగము ఒకటి, రోగినైతినన్న సిగ్గు రెండవది. మొదటిదానికి సెలవు దొరకును, రెండవదానికి దొరకదు.

తరువాత చాల కాలము ప్రయాణములలో గడచినది. 1900లో ఉరాఖు పట్టణములోని ఆరోగ్యాశ్రమము. ఆ చలికాలమున కోర్సికా ద్వీపము. పిదప రోము, దక్షిణ ఇటలీ. భార్య మరియాన్నె నీడవలె వెంట నుండినది. చాల కాలము పుస్తకము ముట్టని ఆ పండితుడు ఒకనాడు కళాచరిత్ర గ్రంథమొకటి చేతబట్టి చదువుకొనుచుండగా ఆమె చూచి సంతోషపడినదట. అది ఆయన శాస్త్రము కాదు. దానిపై పాఠము చెప్పవలసిన పని లేదు. దానిని గూర్చి ఎవరును ప్రశ్నింపరు. తిరుగుదారి అక్కడ, అడుగవారు లేని చోట, మొదలైనది. 1902 వసంతమున దంపతులు హైడెల్బర్గు చేరినారు.

ఆరోగ్యము కొంత కుదుటబడినను, నిర్ణీతమైన దినమున నిర్ణీతమైన గంటకు పదిమంది యెదుట నిలిచి మాటలాడవలెనన్న భయము వీడలేదు. ఆయన ఒక నిశ్చయమునకు వచ్చినాడు. 1903లో, ముప్పది తొమ్మిదేండ్ల వయస్సున, పీఠమును వదలుకొన్నాడు. గౌరవాచార్యుడను బిరుదు మిగిలినది. శాఖాసభలో ఓటు హక్కు మిగులలేదు. ఈ లోటు ఆయనను నొప్పించినది. విశ్వవిద్యాలయమునకు రెండే స్థితులు తెలియును: నిండు ఆచార్యుడు, లేదా ఆచార్యుడు కానివాడు. సగము ఆరోగ్యము గలవానికి సగము పని యిచ్చి పూర్తి గౌరవము నిలుపు పద్ధతి దానికి తెలియదు.

అయినను పని ఆగలేదు. ఆ యేడే అర్థశాస్త్ర పద్ధతిని విమర్శించు ఒక వ్యాసము మొదలుపెట్టి, నొప్పులు పడుచు వ్రాసినాడు. 1904లో వెర్నర్ సోంబార్టు, ఎడ్గార్ యాఫె అను ఇరువురితో కలిసి సామాజికశాస్త్ర పత్రిక యొకదానికి సంపాదకుడైనాడు. సంపాదకునికి గంట కొట్టువారు లేరు. నేడు వీలుగాని పని రేపు చేయవచ్చును. అదే సంవత్సరము అమెరికాలో సెయింట్ లూయిస్ నగరమున జరిగిన విద్వత్సభకు ఆహ్వానము వచ్చినది. ఆరేండ్లు గడచిన పిమ్మట, సెప్టెంబరు మాసమున, వెబరు అక్కడ సభయెదుట నిలిచి మాటలాడినాడు. స్వదేశమునకు దూరముగా, తన పతనమును ఎరుగని శ్రోతల నడుమ ఆయనకు గొంతు తిరిగి వచ్చినది. ప్రొటెస్టెంటు నీతికిని పెట్టుబడిదారీ విధానమునకును గల సంబంధమును నిరూపింపబూనిన ప్రసిద్ధరచన 1904, 1905 సంవత్సరములలో ఆ పత్రికలోనే వెలువడినది. పనిని దైవాజ్ఞగా భావించిన జాతుల చరిత్రను వ్రాసినవాడు, పని చేయలేక ఏండ్ల తరబడి కుమిలినవాడే. హిందూ, బౌద్ధ ధర్మములను గూర్చి 1916, 1917లలో ఆయన ప్రకటించిన పరిశోధనయు ఆ పత్రికలోనిదే.

దీనిని సంపూర్ణ విజయగాథగా చెప్పుట సత్యము కాదు. నిద్రలేమి మరల మరల వచ్చినది, మందులు తప్పలేదు. 1914లో ప్రపంచయుద్ధము మొదలైనప్పుడు హైడెల్బర్గులోని సైనిక వైద్యశాలల నిర్వహణ చేపట్టి ఒక సంవత్సరమునకు పైగా నడిపినాడు. 1918 వేసవిలో వియన్నా విశ్వవిద్యాలయమున ఒక విడత పరీక్షార్థము బోధించి, ఆ శ్రమను చూచుకొని, స్థిరముగా నుండుటకు ఒప్పుకొనలేదు. 1919లో మ్యూనిచ్ పీఠమును స్వీకరించినాడు. తొలి పతనమునుండి ఈ పీఠము వరకు ఇరువదియొక్క యేండ్లు. 1920 జూను 14న న్యుమోనియాతో మరణించినాడు.

ఇంకొక మాటయు చెప్పవలెను. వెబరునకు ఇంత తీరిక ఎట్లు దొరికినది? ప్రభుత్వము కొంత కాలము జీతమిచ్చినది. కుటుంబములు కలిమి గలవి. 1907లో భార్యకు వారసత్వపు సొమ్ము వచ్చినది. ఆమె సేవకు వెల కట్టలేము. ఇదే వ్యాధి ఒక తపాలా గుమాస్తాకు వచ్చియుండినచో కోర్సికా లేదు, రోము లేదు, పత్రిక లేదు. అందుచేత ఆయన చరిత్రనుండి మనము గ్రహింపవలసినది ఓర్పు కలిగియుండుమను హితవాక్యము మాత్రమే కాదు. ఆయనకు అదృష్టవశమున దొరికినది అందరికిని నియమముగా దొరకు మార్గమేమి అనునది ప్రశ్న.

నేటి లోకము ఈ ప్రశ్నకు కొంత సమాధానము కూర్చుకొన్నది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పనిచోట మానసికారోగ్యమును గూర్చి మార్గదర్శకములు ప్రకటించుచు, సెలవునుండి తిరిగి వచ్చువారికి చికిత్సతో పాటు పనిలో మార్పులును జతపరుపవలెనని సూచించినది. మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము మనోవ్యాధిని కూడ తన పరిధిలో చేర్చినది. ఉద్యోగమున నుండగా వైకల్యము సంప్రాప్తించినవానిని ప్రభుత్వ సంస్థలు తొలగింపరాదనియు, హోదా తగ్గింపరాదనియు, ఆ పనికి తగనిచో అదే జీతముపై వేరొక పనికి మార్పవలెననియు ఆ చట్టము చెప్పుచున్నది. సాధారణమైన ఆందోళనవ్యాధి అంతయు ఈ చట్టము క్రిందికి రాకపోవచ్చును. కాని అందలి తలంపు విలువైనది: నిండు పీఠమునకును శూన్యపీఠమునకును నడుమ మూడవ స్థితి ఒకటి కలదు.

సెలవునుండి తిరిగి వచ్చుట ఒక దినమున ముగియు పని కాదు. ఒకే గుమ్మముగుండ రెండు పర్యాయములు పోయి పడిపోయినవాడు వేరొక గుమ్మముగుండ మెల్లగా లోనికి వచ్చినాడు. మన కచేరీలలో అట్టి రెండవ గుమ్మమును తెరచియుంచుట పై అధికారి పని. తిరిగి వచ్చినవానిని చూచి, మాట తోచకున్నను, ప్రక్కన కుర్చీ జరుపుట తోడి ఉద్యోగి పని.