ఇసుక కుప్ప దగ్గర మొదలైన ఆటస్థలం

హైదరాబాద్ శివారు మీర్‌పేట్‌లో ఏ వీధిలోకి వెళ్లినా ఎక్కడో ఒకచోట ఇల్లు లేస్తూనే ఉంటుంది. దాని ముందు ఇసుక కుప్ప ఉంటుంది. పగలంతా అది మేస్త్రీది, సాయంత్రమైతే పిల్లలది. మా ఎదురింటికి ప్లాస్టరింగ్ కోసం సన్న ఇసుక దిగిన రోజు మా అన్న కొడుకు దాని మీద గంటసేపు కూర్చున్నాడు. వాడికి ఆరేళ్లు. ఆటిజం ఉంది, మాటలు తక్కువ. ఇంట్లో మిక్సీ తిరిగితే చెవులు మూసుకుని మంచం కిందికి పోతాడు. అలాంటివాడు ఆ రోజు పిడికిట్లోంచి ఇసుక జార్చుకుంటూ, మళ్లీ నింపుకుంటూ ఎంత నిమ్మళంగా ఉన్నాడో! మా పాప పక్కనే కూర్చుని పాదం మీద తడి ఇసుక అదిమి పిచ్చుకగూడు కట్టింది. వాడు మెల్లగా ఆ గూట్లోకి చెయ్యి పెట్టాడు. ఇద్దరూ కలిసి ఆడడం నేను చూసింది అదే మొదటిసారి. "ఇసుకంత ఆగం చెయ్యకుర్రి" అన్నాడు మేస్త్రీ. దిగమని మాత్రం అనలేదు.

అంతకు వారం ముందే ఇద్దరినీ ఒక పార్కుకు తీసుకెళ్లాను. జారుడుబండకు నిటారు మెట్లు, ఉయ్యాలకు వీపు ఆనడానికి ఏమీ లేని పలక, పిల్లల అరుపులు. పాప పరుగెత్తింది. వాడు గేటు దాటలేదు. ఎలాంటి బిడ్డయినా ఆడుకోగలిగే చోటు గురించి ఎవరూ ఆలోచించలేదా అని ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టాను. ఎటు వెళ్లినా ఇసుక దగ్గరికే చేరాను.

1885లో మేరీ జక్షెవ్‌స్కా అనే డాక్టరమ్మ బెర్లిన్ పార్కుల్లో పిల్లల కోసం పోసిన ఇసుక కుప్పలు చూసి, ఆ సంగతి బోస్టన్‌కు రాసింది. అక్కడివాళ్లు ఒక చర్చి ఆవరణలో ఇసుక పోయించారు. అమెరికాలో పిల్లల ఆటస్థలాల ఉద్యమాన్ని అక్కణ్నుంచే లెక్కపెడతారు.

తర్వాతి మలుపు డెన్మార్క్‌ది. సోరెన్‌సెన్ అనే ఉద్యానవన శిల్పి పిల్లలు తాను శ్రద్ధగా తీర్చిన ఆటస్థలాలను వదిలేసి, ఇళ్లు లేస్తున్న చోట్లకు పోవడం గమనించాడు. అక్కడ చెక్కముక్కలు, ఇటుకలు, మట్టి ఉంటాయి మరి. పిల్లలు కోరుకునేది అదే అయితే అదే ఇద్దామనుకున్నాడు. కోపెన్‌హాగెన్ దగ్గర ఎమ్‌డ్రుప్‌లో 1943లో, జర్మన్ సైన్యం దేశంలో ఉండగానే, అలాంటి ఆటస్థలం తెరిచారు. ఇది చదువుతుంటే నాకు మా వీధే కళ్లముందు కదిలింది.

1946లో మార్జరీ అలెన్ అనే ఇంగ్లీషామె ఎమ్‌డ్రుప్ ఆటస్థలాన్ని చూసింది. బాంబులు కూల్చిన లండన్ ఖాళీ స్థలాల్లో అలాంటివి పెట్టించాలని పోరాడింది. ఆమెను నేను గుర్తుపెట్టుకున్నది మాత్రం ఆ తర్వాతి పనికి. వైకల్యమున్న పిల్లలకు సాహసం, బురద, నిప్పు, నీళ్లు ఎందుకు దక్కకూడదని ఆమె అడిగింది. 1970లో, తనకు డెబ్బై దాటాక, చెల్సీలో అలాంటి పిల్లల కోసం ఆటస్థలం తెరిపించింది.

అప్పటికే కాలిఫోర్నియాలో జీన్ ఎయర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు మరో వైపు నుంచి ఇదే విషయాన్ని పట్టుకుంది. 1972లో ఆమె పుస్తకం వచ్చింది. మనకు తెలిసిన అయిదు ఇంద్రియాలతో పాటు లోపలి చెవిలో ఒకటి తల ఎటు వాలిందో, ఎంత వేగంగా తిరుగుతోందో చెబుతుంది. కండరాల్లో, కీళ్లలో ఉన్నది కాలూ చెయ్యీ ఎక్కడున్నాయో కళ్లు మూసుకున్నా తెలిపిస్తుంది. ఈ కబుర్లన్నీ మెదడులో సరిగ్గా కలవకపోతే పిల్లలు కొందరు గిరగిరా తిరుగుతారు, కొందరు చెవులు మూసుకుంటారు అన్నది ఆమె సిద్ధాంతం. ఆమె పద్ధతి ఎంతవరకు పనిచేస్తుందన్న దాని మీద పరిశోధకులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కానీ ఒప్పులకుప్ప తిరిగి కింద కూలబడి నవ్విన ఆడపిల్ల ఎవరికైనా లోపలి చెవి సంగతి ఒంటికి తెలుసు.

ఇంద్రియాలన్నిటికీ పని చెప్పే చోటును సెన్సరీ ఆటస్థలం అంటారు. అందులో ఈ ఆలోచనలన్నీ వస్తువులయ్యాయి. బిడ్డ పడుకుని ఊగేలా గంప ఉయ్యాల ఉంటుంది. రంగులరాట్నం నేలకు సమంగా ఉంటుంది కనుక చక్రాల కుర్చీ నేరుగా ఎక్కుతుంది. ఆ కుర్చీ కిందికి దూరేంత ఎత్తులో ఇసుక బల్ల ఉంటుంది. గోల భరించలేని పిల్లలకు ఓ మూల గూడు లాంటి చోటు. మా వాడికి ముందుగా కావలసింది ఆ మూలే.

మన దగ్గరికి ఇది తల్లిదండ్రుల వల్లే వచ్చింది. సుమారు ఇరవై ఏళ్ల కిందట బెంగళూరులో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కుటుంబాలు 'కిలికిలి' పేరుతో కలిసి, నగరపాలక సంస్థను ఒప్పించి కోల్స్ పార్కులో అందరు పిల్లలకూ పనికొచ్చే ఆటస్థలం పెట్టించాయి. కన్నడలో ఆ మాట మన కిలకిలే. ఆటలో సమాన హక్కును కూడా చెప్పే, వైకల్యమున్నవారి హక్కుల ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మన దేశం 2007లో ఆమోదించింది. వైకల్యమున్నవారి హక్కుల కోసం వచ్చిన 2016 చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచి, ఆటిజాన్నీ అందులో చేర్చింది. స్మార్ట్ సిటీ పథకం కింద విశాఖ బీచ్ రోడ్డులో ఆల్ ఎబిలిటీస్ పార్క్ కట్టారు. హైదరాబాద్ ఇందిరా పార్కులోని పంచతత్వ దారిలో గులకరాళ్లు, ఇసుక, చెట్టు బెరడు, నల్లరేగడి, నీళ్లు వరసగా పాదాలకు తగులుతాయి. పెద్దల నడక కోసం వేసిన దారే అయినా, పసిపాదాలకు అంతకన్నా మంచి పాఠం ఏముంటుంది? దాన్ని కాస్త వెడల్పు చేసి, పక్కనే చక్రాల కుర్చీకి చదునైన బాట, చేతికందే ఎత్తులో అవే మట్టి, అవే రాళ్లు పెడితే చాలు. మా మీర్‌పేట్ చెరువు గట్ల మీద అలాంటిది ఒకటి కావాలని మా కాలనీవాళ్లం అర్జీ రాస్తున్నాం.

ఎదురింటి ప్లాస్టరింగ్ అయిపోయింది. మిగిలిన ఇసుకలో నాలుగు తట్టలు మేస్త్రీ మాకే ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. జల్లెడ పట్టి డాబా మీద పాత టబ్బులో పోశాం. నిన్న సాయంత్రం మా అన్న కొడుకు అందులో పాదం పెట్టి, పాప చెయ్యి లాగి దాని మీద ఉంచుకున్నాడు. గూడు కట్టమని.