మట్టి పూత నుంచి వెల్డింగు దాకా: మన ఇప్పసారా కుండకు ఏం జరిగింది?

 

ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చేసి ఊరికి తిరిగొచ్చిన మన పిల్లలకు ఇప్పుడు ఊళ్లోనే పని దొరుకుతున్నది. ట్రాలీ డోరు, గేటు, రేకుల షెడ్డు, బోరు పైపు ఇట్లాంటివి. వీటితో పాటు గొంతు తగ్గించి అడిగే పని ఇంకొకటి ఉంది. "ఈ డ్రమ్ముకు పైపు అతికియ్యరా", "ఈ గిన్నెకు నల్లా పెట్టరా" అంటరు. ఎందుకో వాళ్లు చెప్పరు, వీళ్లు అడగరు. ఈ పోస్టు ఆ అతుకు గురించి. అది చిన్న విషయమే అనిపిస్తది గానీ దాని వెనక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. తాగండి అని గానీ తాగొద్దని గానీ చెప్పడానికి మేము రాయట్లేదు. మన గూడేల్లో మాల వేసుకుని మానేసినోళ్లు ఉన్నరు, పెన్‌కు ధార పోయకుండా పండుగ చేయనోళ్లూ ఉన్నరు. ఇద్దరూ మనోళ్లే.

ముందు పాత కుండ సంగతి చూద్దాం. కింద పెద్ద మట్టికుండ, దాంట్లో నానబెట్టి పులియబెట్టిన ఇప్పపువ్వు. మూతి మీద ఇంకో కుండ, దాని పక్క నుంచి లోపల గుల్ల చేసిన వెదురు బొంగు. బొంగు రెండో కొస చల్లటి నీళ్లలో కూర్చోబెట్టిన చిన్న కుండలోకి పోతది. అతుకులన్నింటికీ తడి మట్టి, పాతగుడ్డ పీలికలు. ఇనుము లేదు, సీసం లేదు. కుండ పగిలితే మళ్లీ కుమ్మరి దగ్గరికి పోవుడే. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశం వాళ్లు సిరికొండ కుమ్మరుల దగ్గర కుండలు చేయించే ఆనవాయితీ ఇప్పటికీ నడుస్తున్నది. మనకూ కుమ్మరులకూ ఉన్న బంధం అంత పాతది.

ఇక్కడ ఆ మట్టి పూతను జర ఆగి చూడాలె. మంట ఎక్కువై లోపల ఆవిరి బలిసిందనుకోండి, అన్నిటికంటే ముందు విడిచేది ఆ పూతే. బుస్సుమని ఆవిరి పక్కకు పోతది, ముసలమ్మ తిట్టుకుంటూ ఇంకో ముద్ద మట్టి మెత్తుతది. ఇవాళ ప్రెషర్ కుక్కర్‌కు సేఫ్టీ వాల్వు చేసే పనిని అప్పుడు ఆ మట్టి ముద్ద చేసింది. బడికి పోనోళ్ల తెలివి అని కొందరు తేలిగ్గా మాట్లాడుతరు గానీ ఏ అతుకు గట్టిగుండాలె, ఏ అతుకు విడిచేటట్టుండాలె అన్న లెక్క తెలిసినోళ్లే ఆ బట్టి కట్టిండ్రు.

లోహం పని ఈ ప్రాంతానికి కొత్తేం కాదు. మన పక్క నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, మూసి, కాల్చి ఉక్కు చేసేవాళ్లు. 1820 ప్రాంతంలో హెన్రీ వాయ్సీ అనే దొర ఆ పని చూసి రాసిపెట్టిండు, ఇరాన్ వర్తకులు దానికోసం అంతదూరం వచ్చేవాళ్లు. మన ఓజా అన్నదమ్ములు ఉషేగాంలో, కేస్లాగూడలో తేనెమైనంతో బొమ్మ చేసి, పైన మట్టి పూసి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తరు. అందులో అతుకే ఉండదు, అంతా ఒకటే పోత. ఆ పనికి 2018లో ఆదిలాబాద్ డోక్రా పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కరీంనగర్ వెండి తీగపని దానికి పూర్తిగా ఉల్టా. వెంట్రుక లాంటి తీగలు వందల అతుకులతో నిలబడతయ్. ఊరూరా తిరిగి "కళాయి పూస్తం, మాట్లు వేస్తం" అని అరిచేటోళ్లను మన తాతలు చూసిండ్రు. రాగి, ఇత్తడి గిన్నెలో పులుపు పెడితే లోహం దిగుతదని, లోపల తగరం పూయించేవాళ్లు. తగరానికి బదులు చౌకగా సీసం కలిపేటోళ్లు కూడా అప్పట్నుంచే ఉన్నరు, అది వేరే ముచ్చట.

మరి ఇంత తెలిసిన నేలలో సారా గిన్నె తుప్పు డ్రమ్ము దాకా ఎట్ల దిగజారింది?

మా లెక్కలో జవాబు ఆబ్కారీ. బొంబాయి ప్రభుత్వం 1878లో ఆబ్కారీ చట్టం తెచ్చింది. అది చాలదని 1892లో మౌరా చట్టం పెట్టి ఏకంగా ఇప్పపువ్వు మీదే ఆంక్షలు పెట్టింది. నిజాం రాజ్యంలో 1316 ఫసలీలో, అంటే 1906-07లో, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. కల్లు, సారా హక్కులు వేలానికి పోయినయ్. గుత్తేదారు అమ్మితే వ్యాపారం, అవ్వ ఇంట్లో కాస్తే నేరం. అదే కాలంలో అడవికి రిజర్వు హద్దులు పడ్డయ్, బంబ్రాం, దూపపెట్టి పేర్లతో మేత మీద, కట్టెల మీద పన్నులు పడ్డయ్. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగే నాటికి చెట్టు, దాని కింద నేల, రాలిన పువ్వు అన్నిటికీ ఒక్కో అధికారి తయారై ఉన్నడు. ఆ పోరాటం తర్వాతనే నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పిలిపించి మన బతుకుల మీద అధ్యయనం చేయించింది.

నేరం అయినంక బట్టి ఇంట్లకెళ్లి వాగు ఒడ్డుకు, పగటి నుంచి రాత్రికి మారింది. గిన్నె స్వభావం కూడా మారింది. దొరికితే వదిలేసి ఉరికే గిన్నెకు ఎవరైనా మంచి రాగి పెడతరా? కళాయి పూయిస్తరా? ఏది చేతికి దొరికితే అదే. ఇది పుస్తకంలో చదివిన మాట కాదు, చట్టాల తేదీలను, పెద్దోళ్లు చెప్పే గిన్నెల ముచ్చట్లను పక్కపక్కన పెట్టుకుంటే మాకు కనబడ్డ వరుస.

మిగతా కథ మీకు తెలిసిందే, తొందరగా చెప్తం. చక్కెర ఫ్యాక్టరీల మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్‌తో సర్కారు సారా వచ్చింది. 1980ల్లో వారుణి వాహిని పేరుతో ప్యాకెట్లలో ఊరూరికీ చేరింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు తిరగబడ్డరు, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం అయ్యింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టి 1997లో ఎత్తేసిండ్రు, కానీ సారా మీద నిషేధం అట్లనే ఉంది. ఆ ఖాళీలోకి గుడుంబా దూరింది. ఇప్పపువ్వు పోయి నల్లబెల్లం, పటిక, నవసాగరం వచ్చినయ్. కుండ పోయి డ్రమ్ము వచ్చింది. ఇంట్లోకి కాసుకునేది పోయి అమ్మేది వచ్చింది. 2015 నుంచి తెలంగాణ ప్రభుత్వం గుడుంబా మీద పెద్ద దాడులే చేసింది. పేపర్లో వచ్చే బెల్లం పానకం ధ్వంసం ఫొటోల్లో వెనక ఉండే గిన్నెలను ఎప్పుడన్నా చూసిండ్రా? నూనె డ్రమ్ములు, రంగు డ్రమ్ములు, పేరు చెరిపేసిన కెమికల్ డ్రమ్ములు.

ఇదే కథ వేరే దేశాల్లో ఇంకో తీరుగా నడిచింది. అమెరికా అడవుల్లో దొంగచాటుగా సారా కాచినోళ్లు ఆవిరి చల్లబడటానికి పాత కారు రేడియేటర్లు పెట్టిండ్రు. రేడియేటర్ అతుకుల్లో ఉండేది సీసం. అది సారాలోకి దిగి, తాగినోళ్లకు కడుపునొప్పి, రక్తహీనత, చేతులు పడిపోవడం జరిగినయ్. అంతకు చాలా ముందే, 1767లో ఇంగ్లండ్‌లో జార్జ్ బేకర్ అనే డాక్టరు డెవన్ ప్రాంతపు కడుపునొప్పికి కారణం ఆపిల్ రసం గానుగల అతుకుల్లోని సీసమే అని చూపించిండు. అంటే రోగం అతుకులోనే ఉందని లోకానికి తెలిసి రెండున్నర శతాబ్దాలు దాటింది.

అయితే బ్రిటన్ 1963లో ఇంట్లో బీరు కాచుకోడానికి లైసెన్సు అక్కర్లేదన్నది. అమెరికా 1978లో చట్టం చేసి ఒప్పుకున్నది. ఒప్పుకున్నది బీరుకే, సారాకు కాదు. దాచుకునే పని లేకపోయేసరికి అక్కడి ఇళ్లల్లో గిన్నె బాగుపడ్డది. స్టెయిన్‌లెస్ స్టీలు పీపాలను పైన కోసి, కింద నల్లాకు సాకెట్ వెల్డు చేసుకుని, ఏ అతుకు శుభ్రంగా ఉంటది, ఏది లోపల పాచి పట్టిస్తది అని ఒకరికొకరు బహిరంగంగా నేర్పుకున్నరు. దాచుకున్న చోట సీసం, విప్పి చూపించిన చోట స్టీలు. మనోళ్ల చేతి తెలివి వాళ్లకంటే ఏం తక్కువ లేదు, విప్పి చూపించే అవకాశమే మనకు దక్కలేదు.

ఇక వెల్డింగు చేసే తమ్ముళ్లకు సూటిగా కొన్ని మాటలు. ఇవి సారా గిన్నెకే కాదు, హాస్టల్ అన్నం డేక్సాకైనా, పాల క్యాన్‌కైనా, ఇప్పపువ్వు లడ్డూ కేంద్రంలో వాడే గిన్నెకైనా వర్తిస్తయ్.

ముందు ఏముండెనో తెలియని మూసిన డ్రమ్ము మీద రాడ్డు గానీ గ్యాస్ కట్టర్ గానీ పెట్టకండి. ఖాళీగా కనబడ్డా అడుగున మిగిలిన చెమ్మ ఆవిరై బాంబులెక్క పేలుతది. కడిగినం అన్నంత మాత్రాన నమ్మొద్దు. పైసలెక్కువ ఇస్తమన్నా ఆ పని వాపస్ పంపండి. జింకు పూత ఉన్న రేకు, జీఐ పైపు కాల్చితే తెల్లటి పొగ వస్తది, అది పీలిస్తే రాత్రికి చలిజ్వరం. మలేరియా అనుకుని గోలీలు మింగినోళ్లు ఉన్నరు. పైగా పులిసిన దాంట్లో ఆ జింకు కరిగి దిగుతది. తినేదానికి, తాగేదానికి జీఐ పెట్టనే పెట్టొద్దు, సీసం టాకా అసలే వద్దు.

స్టెయిన్‌లెస్ గిన్నెకు మామూలు ఇనుప రాడ్డు వాడితే అతుకు తుప్పు పడతది. 304 రకం స్టీలుకు 308ఎల్ రాడ్డు అడిగి తెచ్చుకోండి. వెనక వైపు గాలి తగిలితే అతుకు లోపల నల్లగా, గరుకుగా, చక్కెర పలుకుల్లెక్క అయితది. ఎంత తోమినా ఆ సందుల్లో పులుపు పోదు. ఆర్గాన్ గ్యాస్ పెట్టి టిగ్ వెల్డింగు చేసే షాపు మంచిర్యాలలోనో కరీంనగర్‌లోనో చూసుకుని అక్కడికే పంపడం మేలు. నల్లా ఒక్కటే కావాలంటే వెల్డింగే అవసరం లేదు, రంధ్రం చేసి రెండు వైపులా సిలికాన్ వాషర్ పెట్టి నట్టు బిగిస్తే చాలు. వేడి చేసే ఏ గిన్నెనైనా ఆవిరి పోయే దారి లేకుండా మూసి అతకొద్దు. ముసలమ్మ మట్టి ముద్దను యాది చేసుకోండి.

మన గుడిసె పక్క షెడ్డులో వానాకాలం నేల తడిగా ఉంటది, ఎర్త్ వైరు ఉండదు, కాళ్లకు హవాయి చెప్పులు. ఇట్లయితే కరెంటు ఎప్పుడైనా కొడతది. ఎర్త్ వేయించుకోండి, తోలు బూట్లు తొడగండి, పాలిస్టర్ అంగీ తీసేసి నిండు చేతుల కాటన్ అంగీ వేసుకోండి. నల్ల అద్దం నంబరు 10కి తగ్గకుండా చూసుకోండి. కళ్లల్లో ఇసుక పడ్డట్టు మండితే ఆలుగడ్డ ముక్కలు, తల్లిపాలు అని కూర్చోకుండా దవాఖానకు పోండి. స్టెయిన్‌లెస్ పొగలో క్రోమియం ఉంటది. వెల్డింగు పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన ఐఏఆర్‌సీ 2017లో తేల్చింది. తలుపు మూసిన గదిలో ఈ పని వద్దు.

చట్టం సంగతి కూడా దాచకుండా చెప్పాలె. లైసెన్సు లేకుండా సారా కాయడం 1968 ఎక్సైజ్ చట్టం కింద ఇవాళ్టికీ నేరమే. గిన్నె చేసిచ్చినోడి మీద కూడా కేసు తిరగొచ్చు. ఇంకోవైపు ఆదివాసీ ప్రాంతాల్లో వ్యాపార అమ్మకాలు ఆపి, ఇంటి వాడకానికి సడలింపు ఇవ్వాలన్న దారిలో కేంద్రం 1975లోనే రాష్ట్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 1996 పెసా చట్టం మత్తుపదార్థాలను నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభ చేతిలో ఉండాలన్నది. మధ్యప్రదేశ్ అయితే ఈ మధ్య ఇప్పసారాను హెరిటేజ్ లిక్కర్ అని పేరు పెట్టి ఆదివాసీ సంఘాలతోనే చేయిస్తున్నది. 1922లో దక్షిణ గుజరాత్ ఆదివాసీలు దేవి ఉద్యమంలో తమంతట తామే తాగుడు మానేసి పార్సీ సారా వ్యాపారులను గడగడలాడించిన చరిత్ర కూడా ఉంది. కాయాల్నా, మానాల్నా అన్నది ఊరు కూర్చొని తేల్చుకోవాల్సిన మాట. మన గ్రామసభల్లో ఈ అంశం ఎజెండాకు ఎన్నిసార్లు వచ్చిందో మీరే చెప్పండి.

మీ ఇంట్లో అవ్వనో తాతనో ఉంటే ఒక పని చేయండి. వాళ్ల చిన్నప్పుడు బట్టికి ఏ కుండ పెట్టేవాళ్లు, బొంగు ఎంత పొడుగు, పూతకు ఏ మట్టి తెచ్చేవాళ్లు, ఇనుప డ్రమ్ము మొదటిసారి ఊళ్లోకి ఎప్పుడొచ్చింది అని అడిగి కింద రాయండి. కోలాం, నాయకపోడ్, పర్ధాన్, తోటి మిత్రులు మీ పద్ధతి వేరేగా ఉంటే అది కూడా చెప్పండి. పేర్లు, ఊరి గుర్తులు, బట్టి ఫొటోలు మాత్రం పెట్టొద్దు.