అలసట లెక్క: కండరం నుంచి మెదడుకు

అలసట అనగానే కండరమే గుర్తొస్తుంది. సైన్సు కూడా మొదట అక్కడే వెతికింది. ఆ వెతుకులాటను మలుపు తిప్పినవారిలో ఒకరు మన కొల్లేటి సీమ పొరుగువారే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. కండరం పనిచేస్తే అది విడిపోతుంది, తేరుకుంటే మళ్లీ కూడుతుంది. అలసటకు అలా ఒక రసాయన లెక్క దొరికింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్నవారి అలసట మాత్రం ఆ లెక్కకు పూర్తిగా అందదు. రాత్రంతా పడుకుని లేచినా, ఏ బరువూ ఎత్తకపోయినా ఒంట్లో సత్తువ ఉండదు. దీని మూలాలు చాలావరకు మెదడులోనే ఉన్నాయి.

1868లో పారిస్ వైద్యుడు షార్కో ఈ జబ్బును విడిగా గుర్తించి వర్ణించారు. నరాల మీది మైలిన్ పొర దెబ్బతిని, సంకేతాలు నెమ్మదిస్తాయి, తెగిపోతాయి. 1890లో ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు, శ్రమపడ్డాక కొందరు రోగులకు చూపు మసకబారడం గమనించారు. దానికి కారణం ఒంటి వేడి పెరగడమేనని తరవాత తేలింది. అలసటను కొలిచే తొమ్మిది ప్రశ్నల పట్టిక రావడానికి 1989 దాకా ఆగాల్సి వచ్చింది. 2008లో అమెరికాలో జాన్ డెలుకా బృందం, గుర్తులకూ అంకెలకూ జత కుదిరిందో లేదో చెప్పే పరీక్షను పదేపదే పెట్టి మెదడును స్కాన్ చేసింది. ఆరోగ్యవంతుల మెదడులో పని అలవాటైనకొద్దీ చురుకు తగ్గింది. రోగుల మెదడులోని కొన్ని భాగాల్లో అది పెరుగుతూ పోయింది. అదే పనికి వాళ్ల మెదడు ఎక్కువ కష్టపడుతోందన్నమాట.

ఇదంతా దిగులు వల్లనో, నిద్ర చాలకనో కావచ్చు కదా అంటారు. అవి అలసటను పెంచే మాట నిజమే, కానీ అవి లేనివారిలోనూ ఈ అలసట ఉంది. స్కాన్‌లో కనిపించే అదనపు చురుకు అలసటకు కారణమా, ఫలితమా అన్నదీ న్యాయమైన ప్రశ్నే, ఇంకా తేలలేదు. 2021లో వెలువడిన ఒక పరీక్షలో ఈ అలసటకు వాడే అమాంటడిన్, మోడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్ మందులు మూడూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగనిపించుకోలేదు. కారణం తేలలేదని బాధ అబద్ధమైపోదు. ఏలూరు, తాడేపల్లిగూడెం ఊళ్లలో రోహిణి కార్తె ఎండకు ఈ రోగులు మరింత కుంగిపోతారు. పనులు పొద్దున్నే పెట్టుకోనివ్వాలి, మధ్యమధ్య కూర్చోనివ్వాలి, ఒళ్లు చల్లబరుచుకునే వీలు కల్పించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును వైకల్యంగా గుర్తించింది. కంటికి కనిపించని ఈ అలసటను బద్ధకమనడం మాని, ఇంట్లోనూ ఆఫీసులోనూ అదే గుర్తింపు ఇవ్వాలి.