పానగల్ సీమలో ఇంటి ఆటలు – శిశువిద్య: ఒక చారిత్రక పరిశీలన

పానగల్ రాజకీయ చరిత్ర రాయదలచినవారికి రాతి ఆధారాలు పుష్కలంగా ఉన్నాయి. నల్లగొండ పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఈ ఊరు కందూరు చోళులకు రాజధాని. ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం, ఉదయ చోళుని పేరుతో నేటికీ నిలిచిన ఉదయసముద్రం చెరువు ఆ వైభవానికి సాక్ష్యాలు. పాలమూరు వైపు, నేటి వనపర్తి జిల్లాలో, కొండకోటతో మరో పానగల్ ఉంది. ఈ రెండు పానగళ్ల నడుమ పరచుకొన్న మెట్టసీమలో ఎవరు ఏలారు, ఎవరు ఎవరికి సామంతులు అనే విషయాలపై చర్చ చాలా జరిగింది. కాని ఆ చెరువుగట్టు కింది ఇండ్లలో అయిదారేండ్ల పిల్ల పొద్దంతా ఏం చేసేది, దేనితో ఆడేది, ఆడుతూ ఏం నేర్చుకొనేది అన్న ప్రశ్నకు శాసనం జవాబు చెప్పదు. శాసనం దానాన్ని నమోదు చేస్తుంది. ఆటను నమోదు చేయవలసిన అవసరం దానికి లేదు. అందువల్ల ఇంటి ఆటల చరిత్రకు ఆధారాలను కావ్యాలలోను, ఆట పరికరాలలోను, ఆటల పేర్లలోను వెదకాలి.

ఈ వెదుకులాటకు ముందు రెండు ప్రచలిత అభిప్రాయాలను పక్కకు పెట్టక తప్పదు. ఆట ద్వారా విద్య అనేది పశ్చిమ దేశాల నుండి వచ్చిన భావన అన్నది మొదటిది. 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో ఫ్రోబెల్ ప్రారంభించిన శిశువిద్యాలయం, 1920లో భావ్‌నగర్‌లో గిజుభాయి నెలకొల్పిన బాలమందిరం, 1939లో అడయారుకు మాంటిస్సోరి రాక – ఇలా ఒక వరుసక్రమాన్ని చెప్పి ఊరుకొంటారు. అంతా మన పూర్వులకు ముందే తెలుసునన్నది రెండవది. మొదటిది ఇంటిని చూడలేదు. రెండవది ఇంటిని చూసింది గాని, ఆ ఇంట్లో ఏ పిల్లకు ఆడుకొనే తీరిక ఉండేదని అడగలేదు. ఫ్రోబెల్ ప్రత్యేకత ఆటను కనుగొనడంలో లేదు. ఆటను ఒక బోధనాక్రమంగా, శిక్షణ పొందిన ఉపాధ్యాయుల చేతికి అందే వస్తువుగా మలచడంలో ఉంది. మన ఇండ్లలో ఉన్నది బోధనాక్రమం కాదు. అక్క నుండి చెల్లెకు, అవ్వ నుండి మనుమరాలికి సాగిన అభ్యాసం. ఈ తేడాను చెరిపివేస్తే చరిత్రకు న్యాయం జరగదు.

కావ్యాధారాలలో మొదట చెప్పవలసినది 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుని బసవపురాణం. పాలకుర్తి పానగల్‌కు మరీ దూరమైన ఊరు కాదు. సోమనాథుని దేశి ద్విపద ఈ సీమ జనం నోటికి దగ్గరగా ఉండే ఛందస్సు. ముగ్ధభక్తుల కథలలో గొడగూచి కథ ఉంది. ఊరికి పోతూ తండ్రి అప్పగించిన పాలను ఆ చిన్నపిల్ల గుడికి తీసుకొనిపోతుంది. శివుడు తాగుతాడని ఆమె నమ్మకం. తాగకపోతే ఏడుస్తుంది, మారాం చేస్తుంది. చివరకు దేవుడు తాగుతాడు. ఈ కథను భక్తి దృష్టితో చదివిన విమర్శ చాలా ఉంది. శిశుమనస్తత్వం దృష్టితో చదివితే మరొక సంగతి తెలుస్తుంది. బొమ్మకు అన్నం పెట్టే పిల్లకు, లింగానికి పాలు పోసే గొడగూచికి మధ్య కవి గీత గీయలేదు. పెద్దలు ఉత్తదని తెలిసీ చేసే పనిని పిల్ల నిజమని చేస్తుంది. ఆ నిజాన్ని సోమనాథుడు ఎగతాళి చేయకపోగా, తండ్రి తెలివి కన్న మిన్నగా నిలిపాడు. బెజ్జమహాదేవి కథలో ఇదే వ్యవహారం తిరగబడి కనిపిస్తుంది. శివునికి తల్లి లేదని జాలిపడిన పెద్ద మనిషి ఒకతె లింగాన్ని పసిబిడ్డగా భావించి సాకుతుంది. స్నానం చేయించడం, పాలు పట్టడం వంటి పనుల వర్ణనలో ఆనాటి ఇంటి శిశుపోషణ పద్ధతులు దొరుకుతాయి. సాంఘిక చరిత్రకారులు ఈ కథను ఇంకా ఎక్కువగా వాడుకోవలసి ఉంది.

పోతన దశమస్కంధంలోని చల్దుల ఘట్టం అందరికీ తెలిసిందే. అక్కడ పిల్లల అల్లరి, ఒకరి వస్తువు ఒకరు లాక్కోవడం, పరిహాసం చాలా సహజంగా ఉన్నాయి. అయితే అది బయటి ఆట, మగపిల్లల ఆట. కావ్యాలలో కనిపించే ఈ పక్షపాతం మనం అనుకొన్నదాని కన్న పెద్దది. 18వ శతాబ్దపుదిగా భావిస్తున్న అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలో ఆటల పేర్ల పట్టిక ఉంది. సాంఘిక చరిత్రకు ఇది గని వంటిదని గుర్తించినవారు పాలమూరు సీమకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) ఆటలను రాజుల పక్కన, ఆహారం పక్కన, ఆభరణాల పక్కన నిలిపి చర్చించింది. ఆటను చరిత్రాంశంగా గౌరవించిన తొలి తెలుగు గ్రంథాలలో అది ముఖ్యమైనది. కాని పట్టికకు ఒక పరిమితి ఉంది. అది పేరు చెబుతుంది. ఆడే తీరు చెప్పదు. ఆ పేర్లలో అనేకం నేడు మనకు కేవలం శబ్దాలు. నిఘంటువులో 'ఒక బాలక్రీడ' అన్న అర్థం చూసి తృప్తిపడే పరిశోధన పద్ధతి ఈ లోటును మరింత పెంచింది.

అందుకే ఆటల నియమాలను ఆధారంగా తీసుకోవాలి. నియమం ఒక రకమైన మౌఖిక పాఠం; అది మారుతుంది కాని సులభంగా నశించదు. కోస్తాలో అచ్చనగాయలు అనే ఆట తెలంగాణలో కచ్చకాయలు. అయిదు రాళ్లలో ఒకదాన్ని ఎగరవేసి, అది కిందికి వచ్చేలోపు నేలమీది రాళ్లను మొదట ఒక్కొక్కటిగా, తర్వాత రెండేసి, ఆ పైన మూడూ ఒకటీ, చివరకు నాలుగూ ఒకేసారి ఏరాలి. నాలుగు అనే సంఖ్యను విడదీయగల తీరులను పిల్ల చేతివేళ్లతో నేర్చుకొంటున్నది. ఈ సంగతిని ఆమెకు ఎవరూ చెప్పరు, చెప్పవలసిన పనీ లేదు.

వానగుంటలు, ఓమనగుంటలు అని పిలిచే వామనగుంతల ఆట ఇంకా లోతైనది. రెండు వరుసలలో ఏడేసి గుంటలు. ఒక్కొక్క దానిలో అయిదేసి చింతగింజలు పోస్తే మొత్తం 70. ఒక గుంటలోని గింజలను తీసి తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటిగా వేసుకొంటూ పోవాలి; చేతిలోవి అయిపోతే ఆ తర్వాతి గుంటను ఎత్తుకోవాలి; అది ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోని గింజలు ఆడేవారివి. ఏ గుంటతో మొదలుపెడితే ఎక్కడ ఆగుతామో ముందుగా ఊహించగలిగినవారిదే గెలుపు. అవ్వతో ఆడే ఆరేండ్ల పిల్ల తొలుత చేతికి వచ్చిన గుంటను ఎత్తుతుంది; కొన్నాళ్లకు ఎత్తక ముందే కళ్లతో గింజలను నడిపిస్తుంది. కలిగిన ఇండ్లలో దీనికి చెక్కపీట ఉండేది. లేనివారికి వాకిట్లో మట్టి, మడమతో తొలిచిన గుంటలు ఉండేవి. పీటలు పాత వస్తువుల సేకరణల్లోకి చేరాయి. మట్టిగుంటలు వానకు పూడిపోయాయి. వస్తుసంస్కృతిని మాత్రమే నమ్ముకొన్న చరిత్ర ఎవరి బాల్యాన్ని భద్రపరుస్తుందో దీనివల్ల తెలుస్తుంది.

అష్టాచెమ్మ విషయం కూడ ఇటువంటిదే. నాలుగు గవ్వలు దొరకని ఇంట్లో చింతగింజలను బండమీద అరగదీసి ఒకవైపు తెలుపు తేల్చేవారు. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, నాలుగూ బోర్లపడితే అష్ట. రెండువైపులు పడే అవకాశం సమానమనుకొంటే పదహారింట అష్టకు ఒకటి, చెమ్మకు ఒకటి, రెండుకు ఆరు, ఒకటికీ మూడుకూ నాలుగేసి వంతులు వస్తాయి. అరగదీసిన గింజ సమంగా పడదు. పిల్లలకు ఆ సంగతీ తెలుసు. బాగా పడే గింజ కోసం చేసే ఎంపికలో, అరగదీతలో పరిశీలన ఉంది, కొంత మోసమూ ఉంది. కొనితెచ్చిన పాచికలో ఈ రెండింటికీ చోటు లేదు.

ఆటవస్తువును పిల్లలే తయారు చేసుకోవడం అన్న అంశం బొడ్డెమ్మలో పరాకాష్ఠకు చేరింది. బతుకమ్మపై వచ్చినంత పరిశోధన బొడ్డెమ్మపై రాలేదు. దీన్ని బతుకమ్మకు పీఠికగా మాత్రమే చూడటం ఇందుకు ఒక కారణం కావచ్చు. భాద్రపద బహుళంలో మొదలై అమావాస్యతో ముగిసే ఈ ఆట పెండ్లికాని ఆడపిల్లలది. పుట్టమన్ను తెచ్చి, తడిపి, పీటమీద అంతరాలుగా పేర్చి, పూలతో అలంకరించి చుట్టూ తిరుగుతూ పాడుతారు. నేలలో చేసే గుంట బొడ్డెమ్మ, పీటమీది పీట బొడ్డెమ్మ వంటి భేదాలున్నాయి. తడి ఎక్కువైతే అంతరం జారుతుంది, తక్కువైతే పగులుతుంది. పై అంతరం కింది దానికన్న ఎంత చిన్నదిగా ఉండాలో కన్ను నిర్ణయించాలి. పెద్దలు దగ్గర ఉండవచ్చు. చేతులు మాత్రం పిల్లలవి. పాటలో ఒకరు చరణం అందుకొంటే మిగిలినవారు వంత పాడుతారు. తెలిసిన పేర్లను, తమ ఇండ్లలోని సంగతులను చరణంలో ఇమిడ్చే వెసులుబాటు ఈ పాటల నిర్మాణంలోనే ఉంది. బిరుదురాజు రామరాజు 1958లో వెలువరించిన 'తెలుగు జానపద గేయ సాహిత్యము' ఇటువంటి గేయాలకు విశ్వవిద్యాలయ పరిశోధనలో స్థానం కల్పించింది. అయితే గేయపాఠాన్ని సేకరించినంత శ్రద్ధగా మట్టిపనిని ఎవరూ వర్ణించలేదు. సాహిత్య శాఖల స్వభావం అది.

గద్వాల, నారాయణపేట వైపు జ్యేష్ఠ అమావాస్యనాడు మట్టి ఎద్దులను చేసి పూజిస్తారు. అక్కడ పూజావస్తువు, ఆటబొమ్మ ఒకే ముద్ద నుండి పుడుతాయి.

ఈ ఇంటి ఆటలకు నిజాం పాలనాకాలంలో భాషాపరమైన ప్రాధాన్యం ఒకటి ఏర్పడిందని నా అభిప్రాయం. హైదరాబాదు రాజ్యంలో పాలనాభాష, పై చదువుల భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధనాభాష కూడ ఉర్దూయే. తెలుగు చెప్పే ఖానగీ బడులకు ప్రభుత్వ అనుమతి కావలసి వచ్చిన రోజుల్లో మాతృభాషా విద్య ఒక రాజకీయ సమస్య అయింది. 1930లో జోగిపేటలో సురవరం అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ నుండి ఉద్యమం దీన్ని పట్టించుకొన్నది. బడి లేని ఊళ్లో, బడికి పంపని ఆడపిల్లకు లెక్క, లయ, ప్రాస, పొడుపుకథ, సామెత అందినది వాకిట్లోనే. ఉద్యమ చరిత్రలు గ్రంథాలయాలను, పత్రికలను లెక్కించాయి. వాకిలిని లెక్కించలేదు. వాకిలి అక్షరాన్ని ఇవ్వలేకపోయింది నిజమే. గింజలను తడుముకోకుండా లెక్కపెట్టి, వంద చరణాలు నోటికి చెప్పగల స్త్రీ జనగణనలో నిరక్షరాస్యురాలిగానే నమోదైంది.

వాకిలిని కీర్తించేటప్పుడు దాని హద్దులను మరువరాదు. వెట్టి, జీతం నడిచిన ఈ సీమలో పశువుల వెంట పోయిన పిల్లవాడికి ఆట మేతబీడులో దొరికింది. అక్కడ చిర్రగోనె ఆడినా కన్ను పశువుల మీదనే ఉండాలి. చంకలో తమ్ముని ఎత్తుకొని కచ్చకాయలాడిన అక్కను ఏ కవీ వర్ణించలేదు. బొమ్మల పెండ్లి, గుజ్జనగూళ్లు ఆడపిల్లను అత్తవారింటికి సిద్ధం చేసిన ఆటలు కూడ. ఎవరి వాకిట్లో ఎవరు కూర్చోవచ్చునో కులం నిర్ణయించిన ఊళ్లలో వానగుంటల అవతలి వరుసలో కూర్చొనే హక్కు అందరికీ ఒకేలా లేదు. ఆటలో కల్పనాశక్తికి చోటున్నది నిజం. ఆ చోటు కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ అన్నదీ నిజం.

1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ద్వారా అంగన్‌వాడీ పల్లెకు వచ్చింది. ఇంటి ఆట మొదటిసారి అన్ని కులాల పిల్లలు కలిసే ప్రభుత్వ గదిలోకి చేరే అవకాశం కలిగింది. 2020 జాతీయ విద్యావిధానం మూడేండ్ల వయసు నుండి ఆట ఆధారిత అభ్యసనాన్ని, స్థానిక ఆటబొమ్మలను ప్రోత్సహిస్తున్నది. స్థానికత అన్న మాట విధానపత్రంలో తేలిక. అమలుకు వచ్చేసరికి ఏ జిల్లాలోనైనా ఒకే అచ్చుబొమ్మల పెట్టె కనిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. ఎందుకంటే నల్లగొండ, పాలమూరు ఆటల సమగ్ర వర్ణన విద్యాశాఖ చేతికి ఇవ్వవలసినవారు తెలుగు శాఖలవారు.

ఆ వర్ణనకు గేయసేకరణ పద్ధతి ఒక్కటే చాలదు. ఒకే ఆటకు ఊరూరా ఉన్న పేర్లు, గుంటకు నాలుగు గింజలా అయిదా, ఓడినవారి గుంటను పూడ్చే ఆచారం ఉన్నదా లేదా, ఏ వయసులో ఆటలోకి రానిస్తారు, ఎవరు నేర్పారు, ఎవరిని ఆడనీయలేదు అనే వివరాలు నమోదు కావాలి. కృష్ణ ఒడ్డున నాగార్జునసాగరం ముంపులో ఏలేశ్వరం శిల్పాలను, శిథిలాలను త్రవ్వి రక్షించారు. ఊళ్లు విడిచి తరలిన కుటుంబాల ఆటలు వారితోపాటే కొత్త ఊళ్లకు వెళ్లాయి. ఆ కుటుంబాలలో డెబ్బై దాటిన స్త్రీలు ఇంకా ఉన్నారు. చింతగింజలు ముందు పోసి అడిగితే వారు నియమాలను చెప్పరు, ఆడి చూపిస్తారు. నమోదు అక్కడినుండి మొదలు కావాలి.