ధవళేశ్వరం నుంచి మేడ మీద ట్యాంకు దాకా

1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులకు చేరింది. అదే నది ఎండాకాలంలో కొన్ని వేల క్యూసెక్కులకు పడిపోతుంది. ఇంత అస్థిమితమైన నదిని నమ్ముకుని ఏటా రెండు పంటలు పండించడం మామూలు సాహసం కాదు. నదిలోని ఎగుడుదిగుడు పొలం గట్టు దాకా రాకుండా మధ్యలోనే ఆపడం ఎలాగో డెల్టా నూట డెబ్బై ఏళ్లకు పైగా నేర్చుకుంటూ వచ్చింది. ఇవాళ ఇంట్లో కుళాయి తిప్పిన ప్రతిసారీ మోటారు టక్కున ఆన్ అయి, కట్టేయగానే టక్కున ఆగి, ఏడాది తిరక్కుండా వైండింగ్ కాలిపోతోందని బాధపడేవాళ్లకు కావలసిన జవాబు కూడా ఆ చరిత్రలోనే ఉంది.

ధవళేశ్వరం ఆనకట్టకు ముందు డెల్టాలో కాలువలు లేకపోలేదు. ఏటి నుంచి తవ్వుకున్న వరద కాలువలు ఉండేవి. ఏరు పొంగితే వాటిలోకి నీళ్లు ఎక్కేవి, ఏరు తీస్తే ఎండిపోయేవి. పైరు పొట్ట మీద ఉన్నప్పుడు నది నాలుగడుగులు దిగితే రైతు చేయగలిగింది ఏమీ లేదు. కళ్లెదుటే నీళ్లు పారుతూ ఉంటాయి, కాలువ నోటికి మాత్రం అందవు. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, వచ్చిన కరువు తెలుగు జిల్లాలను ఊడ్చిపెట్టింది. ఆ తర్వాతి ఏళ్లలో తుపాన్లూ వరుస నష్టాలూ కలిసి గోదావరి సీమ జనాభాను, శిస్తును కుంగదీశాయి. ఆ శిథిలాల్లోకి వచ్చిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1844లో నివేదిక రాశాడు. 1847లో పని మొదలై 1852లో ముగిసింది.

కాటన్ ఇక్కడ కట్టింది నీళ్లు నిలవ చేసే డ్యాము కాదని చాలామంది గమనించరు. పన్నెండు అడుగుల ఎత్తు రాతి కట్టడం గోదావరి లాంటి నదిలో ఎన్ని నీళ్లని దాచగలదు? ఆయన పట్టుకున్నది మట్టాన్ని. కాలువ తలుపు దగ్గర నీళ్లు ఎప్పుడూ ఒకే ఎత్తులో నిలబడితే, వెనక నది ఎంత ఊగినా కాలువలోకి వెళ్లే ధార ఊగదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు పాయల మీదుగా, మధ్యలో లంకలను కలుపుకుంటూ సాగిన ఆ కట్టడం సారాంశమంతా ఇదే. వీణెం వీరన్న లాంటి స్థానికుల సాయం, ధవళేశ్వరం కొండ రాయి, వేలాది కూలీల చెమట, అన్నీ కలిసి ఆ ఒక్క మట్టాన్ని నిలబెట్టాయి. తర్వాతి కాలంలో ఆనకట్ట నెత్తిన షట్టర్లు అమర్చి ఆ మట్టాన్ని ఇంకాస్త పెంచారు. పాత కట్టడం బలహీనపడ్డాక 1970ల్లో పని మొదలై 1982 నాటికి పూర్తయిన కాటన్ బ్యారేజీలో 175 గేట్లున్నాయి: ధవళేశ్వరం పాయకు 70, ర్యాలికి 43, మద్దూరుకు 23, విజ్జేశ్వరానికి 39. వరద పెరిగితే గేట్లు ఎత్తుతారు, తగ్గితే దించుతారు. పది లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఆ గేట్ల దగ్గర రాత్రింబవళ్లు మెలకువగా ఉండేవాళ్ల మీద ఆధారపడి ఉంది.

డెల్టా జనం నీటిని అడుగుల్లో మాట్లాడుకోవడం అక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులంటే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అంటే రెండోది, 17.75 అంటే మూడోది. లంక గ్రామాల్లో బడిపిల్లలకు కూడా ఈ అంకెలు తెలుసు.

బ్యారేజీ దగ్గర నిలిపిన మట్టం యాభై మైళ్ల అవతల శివారు పొలం దాకా అలాగే ఉండదు. అందుకే కాలువ దారిలో లాకులు కట్టారు. కోనసీమలో లొల్ల లాకుల దగ్గర నిలబడి చూస్తే ఈ సంగతి కంటికే తెలుస్తుంది: ఎగువన నీళ్లు నిండుగా, దాదాపు కదలకుండా ఉంటాయి, షట్టరు కింద నుంచి నురగ కక్కుతూ దిగువకు దూకుతాయి. ఒకప్పుడు పడవలు కిందికీ పైకీ దాటడానికి కట్టిన ఆ లాకులు ప్రతి మజిలీలోనూ కాలువ నీటిని పక్క తూములకు అందే ఎత్తులో ఉంచడానికి కూడా పనికొచ్చాయి. లస్కరు షట్టరు అరడుగు దించాడంటే ఎగువ తూముల్లో ధార పెరుగుతుంది, దిగువన తగ్గుతుంది. గన్నవరం దగ్గరైతే వైనతేయ పాయ మీదుగా 49 కమానుల అక్విడక్టు కట్టి కాలువనే ఏటి మీద నడిపించారు. కిందకు దించి మళ్లీ ఎత్తాలంటే ఎత్తేదెవరు? మట్టం పోగొట్టుకోకుండానే ఏరు దాటించారు. 2000లో దాని పక్కనే వచ్చిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తే తాగునీటి సంగతేమిటి? దానికి ఊరి మంచినీళ్ల చెరువు ఉంది. కట్టేసే ముందు చెరువు నింపుకోవడం డెల్టా ఊళ్లలో ఏటా జరిగే పని. భూగర్భ జలం ఉప్పగా ఉండే తీర మండలాల్లో ఆ చెరువే వేసవంతా దిక్కు. రక్షిత మంచినీటి పథకాలు వచ్చాక చెరువు నీటిని ఇసుక ఫిల్టర్లలో వడగట్టి ఎత్తయిన ఓవర్‌హెడ్ ట్యాంకులోకి పంపడం మొదలైంది. పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక కేజీ ప్రెషర్. ట్యాంకు పెద్దదా చిన్నదా అన్నదానితో దానికి నిమిత్తం లేదు. పదిహేను మీటర్ల మీద ట్యాంకు ఉంటే కరెంటు ఉన్నా పోయినా కింద నేల దగ్గర ఒకటిన్నర కేజీల ప్రెషర్ ఉంటుంది. కింద మోటారు రోజుకు ఒకటి రెండుసార్లు తిరిగి ట్యాంకు నింపేసి ఊరుకుంటుంది. ఊరంతా ఒకేసారి బిందెలు పెట్టినా ఆ మోటారుకు సంబంధం లేదు. మన ఊళ్లకు వచ్చిన సాంకేతిక సౌకర్యాల్లో ఇంత మౌనంగా, ఇంత కాలం పనిచేసింది మరొకటి లేదని నాకు అనిపిస్తుంది.

ఈ ఏర్పాటును చెడగొట్టేది కుళాయి గొట్టానికి నేరుగా మోటారు బిగించడం. బిగించిన ఇంట్లో బాగా వస్తాయి. పక్కింట్లో కుళాయి గాలి ఊదుతుంది. అంతటితో ఆగదు. గొట్టంలో ప్రెషర్ పడిపోతే, ఎక్కడైనా చిల్లు ఉంటే పక్కనున్న మురుగు లోపలికి పీల్చుకుంటుంది. చిల్లులోంచి నీళ్లు బయటికి కారుతున్నంత సేపూ మురుగు లోపలికి రాలేదు. వీధి మొత్తం ఆరోగ్యం ఆ కాస్త ప్రెషర్ మీద నిలబడి ఉంది. ఇంటి సంపులోకి నీళ్లు వాటంతటవే పడనిచ్చి, అక్కడి నుంచి తోడుకుంటే ఎవరికీ నష్టం లేదు.

పొలంలో నీళ్లు తోడే పని ఒకప్పుడు మనిషి ఒంటి బలంతో నడిచేది. పల్లపు కాలువలోంచి ఇద్దరు చెరో పక్క తాళ్లు పట్టుకుని గూడ వేసేవాళ్లు. బావికి ఏతం, ఎడ్లు ఉంటే మోట. వాటిలో ధార సన్నం, కానీ నిదానం. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో మద్రాసు రాజధానిలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ఆయిల్ ఇంజనుతో పంపులు నడిపించే ప్రయోగాలు చేసి, వాటిని రైతులకు అలవాటు చేయాలని పట్టుదలగా తిరిగాడు. తర్వాత కరెంటు వచ్చింది, దాని వెంట ఫిల్టర్ పాయింటూ వచ్చింది. ఇసుక పొరలోకి జల్లెడ గొట్టం దించి, పైన మోటారు పెట్టి లాగడమే. ఖర్చు తక్కువ, గంటలో నీళ్లు.

తీరంలోని ఇసుక దిబ్బల కింద మాత్రం మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఆ లెక్కను 1880ల చివర్లో నెదర్లాండ్స్ ఇంజనీరు ఖైబెన్, 1901లో జర్మనీకి చెందిన హెర్జ్‌బెర్గ్ విడివిడిగా కనుక్కున్నారు: సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే కింద దాదాపు నలభై అడుగులు ఉంటుంది. తిరగేసి చూస్తే భయం వేస్తుంది. పైన ఒక అడుగు తోడేసి అలాగే ఉంచితే, కింద ఉప్పునీరు కాలక్రమంలో నలభై అడుగులు పైకి వస్తుంది. అదీగాక పెద్ద మోటారు వేసి ఒక్కసారిగా గుంజితే గొట్టం కింద ఉప్పునీరు శంకువులా పైకి లేస్తుంది. చిన్న మోటారుతో ఎక్కువ సేపు, నిదానంగా తోడితే అంతే నీరు తియ్యగా వస్తుంది. బాపట్ల ఇసుక నేలల్లో పాత దొరువులు, అంటే లోతు తక్కువ నీటి గుంటలు, చేసిన పని ఇదే. అక్కడి ఉప్పునీటి పరిశోధన కేంద్రం దొరువును మెరుగుపరిచి, లోతుకు పోకుండా పైపొర నీటిని అడ్డ గొట్టాలతో మెల్లగా సేకరించే పద్ధతిని రైతులకు అందించింది. కోనసీమ, నరసాపురం తీరాల్లో ఫిల్టర్ పాయింట్లు వేసేవాళ్లు ఆ పద్ధతిని ఒకసారి చూసి రావాలి.

మెట్టలో కథ వేరు. చింతలపూడి, జంగారెడ్డిగూడెం వైపు బోరే ఆధారం. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు తిరగాలని ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. అర్ధరాత్రి బోరు దగ్గరికి వెళ్లి పాము కాటుకు, కరెంటు షాకుకు బలైన రైతులను తలుచుకుంటే వాళ్లను తప్పు పట్టడానికి నోరు రాదు. కానీ మోటారు కదిలే క్షణంలో మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. కరెంటు రాగానే ఫీడరు మీది మోటార్లన్నీ ఒకే క్షణంలో లేస్తే వోల్టేజి కుప్పకూలుతుంది, ట్రాన్స్‌ఫార్మరు పేలుతుంది, పది రోజులు అందరి పైరూ ఎండుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు ఇచ్చేముందు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను పదేపదే అడిగింది. సరఫరా నిలకడగా ఉంటుందన్న నమ్మకం ఇచ్చాకే ఆ మాట అడగగలిగింది. పగటి కరెంటు అన్న డిమాండు వెనుక ఉన్నదీ ఆ నమ్మకమే.

ఇక ఇల్లు. రాజమండ్రి, భీమవరాల్లో మేడ మీద ట్యాంకు షవరుకు మూడు మీటర్ల ఎత్తులో ఉంటే వచ్చే ప్రెషర్ కేజీలో మూడో వంతు కూడా లేదు. పై అంతస్తులో గీజరు సరిగా పనిచేయదు, షవరు చినుకుతుంది. అందుకని ప్రెషర్ పంపు పెడుతున్నారు. కుళాయి తిప్పితే ప్రెషర్ ఇరవై పౌండ్లకు పడి స్విచ్ మోటారును ఆన్ చేస్తుంది, నలభైకి చేరగానే ఆపేస్తుంది. నీళ్లు అణగవు కాబట్టి, మధ్యలో ఏమీ లేకపోతే ఒక గ్లాసు నీళ్లు పోగానే ఇరవైకి పడుతుంది, మోటారు తిరగ్గానే నలభైకి ఎగురుతుంది. పంపుకూ కుళాయికీ మధ్య ఎక్కడో కాస్త గాలి ఉండాలి. గాలి అణుగుతుంది, ప్రెషర్ రెట్టింపైతే ఘనపరిమాణం సగమవుతుందని రాబర్ట్ బాయిల్ 1662లోనే చెప్పాడు. వేడిగాలి బుడగను ఎగరేసిన ఫ్రెంచి సోదరుల్లో పెద్దవాడు జోసెఫ్ మాంగోల్ఫియే 1796లో తన నీటి పొట్టేలు పంపుకు ఒక గాలి గది పెట్టాడు. దడదడ కొట్టుకునే నీరు ఆ గది దాటాక ధారగా వచ్చేది. మన పంపు పక్కన ఉండే ప్రెషర్ ట్యాంకు దాని వారసుడే. లోపల రబ్బరు బ్లాడర్, దాని చుట్టూ గాలి.

లెక్క చేసి చూద్దాం. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు గాలి పద్దెనిమిది పౌండ్లు, అంటే స్విచ్ ఆన్ అయ్యే ఇరవై కన్నా రెండు తక్కువ పెట్టాలి. అప్పుడు ట్యాంకు ఘనపరిమాణంలో మూడో వంతు నీళ్లు మోటారు తిరగకుండానే వాడుకోవచ్చు. వంద లీటర్ల ట్యాంకులో ముప్పై నాలుగు లీటర్లు. దుకాణాల్లో పంపుతో కలిపి ఇచ్చే ఇరవై నాలుగు లీటర్ల చిన్న ట్యాంకులో ఎనిమిది మాత్రమే. ఇంట్లో ఒక ఫ్లష్ ట్యాంకు నిమిషానికి లీటరు కారుతోందనుకోండి. చిన్న ట్యాంకు మీద మోటారు ఎనిమిది నిమిషాలకోసారి లేస్తుంది, రోజుకు 180 సార్లు. ఎవరూ కుళాయి ముట్టుకోకపోయినా! మోటారు లేచిన ప్రతిసారీ కనీసం ఒక నిమిషమైనా తిరిగేలా ట్యాంకు ఎంచుకోవాలి. నిమిషానికి ముప్పై నాలుగు లీటర్లు తోసే పంపుకు వంద లీటర్ల ట్యాంకు సరిపోతుంది.

గాలి నెమ్మదిగా తగ్గిపోతుంది కాబట్టి ఆరు నెలలకోసారి చూసుకోవాలి. చూసేటప్పుడు చాలామంది ఒక చోట పొరబడతారు. ట్యాంకులో నీళ్లుండగా టైరు గేజి పెడితే అది నీళ్ల ప్రెషరే చూపిస్తుంది, గాలి లేకపోయినా సరిగ్గానే ఉందనిపిస్తుంది. మోటారు స్విచ్ ఆపి, కింది కుళాయి తిప్పి నీళ్లన్నీ వదిలేశాక కొలవాలి. తక్కువుంటే సైకిల్ పంపుతో కొట్టుకోవచ్చు. వాల్వు పిన్ను నొక్కినప్పుడు గాలికి బదులు నీళ్లు చిమ్మితే బ్లాడర్ చిరిగినట్టు. బ్లాడర్ మార్చకుండా కొత్త మోటారు బిగిస్తే అది కూడా పాతదాని దారే పడుతుంది.